విదేశాల్లో ఒంటరిగా ఉన్నారా..? మహిళా క్లబ్బుల్లో స్నేహితులు ఎలా దొరుకుతారు.. అసలు లెక్క ఇదీ!

పెళ్లయిన కొన్ని నెలలకే వీసా వచ్చింది. రెండు కుటుంబాలూ శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా వచ్చి సాగనంపాయి. సూట్‌కేసులో ఆవకాయ, కరివేపాకు పొడి, ప్రెషర్ కుక్కర్.. మొదటి నెలంతా హడావిడే. కొత్త ఇల్లు, కొత్త షాపులు, వీకెండ్ ట్రిప్పులు, వాట్సాప్‌లో ఫొటోలు.

రెండో నెల నుంచి అసలు కథ మొదలవుతుంది. భర్త పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్తే మళ్లీ సాయంత్రమే. అమ్మకు ఫోన్ చేద్దామంటే, అమెరికాలో మధ్యాహ్నం అంటే మన దగ్గర అర్ధరాత్రి. కారు నడపడం రాదు, బస్సు లేదు, ఎదురింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. రాత్రి వీడియో కాల్‌లో అమ్మ అడుగుతుంది, "ఎలా ఉన్నావమ్మా?" అని. "బాగున్నా" అని జవాబు. ఫోన్ పెట్టేశాక మళ్లీ అదే నిశ్శబ్దం.

ఇలాంటి రోజుల్లో ఉన్న ఆడవాళ్ల కోసమే ప్రపంచంలోని చాలా నగరాల్లో ప్రవాస మహిళల క్లబ్బులు నడుస్తున్నాయి. కానీ చాలామంది ఒక్కసారి వెళ్లి, కాఫీ తాగి, "అక్కడ నాకెవరూ కలవలేదు" అంటూ మానేస్తారు. ఎందుకలా జరుగుతుంది? ఈ క్లబ్బుల్లో నిజంగా స్నేహితులు దొరుకుతారా? దొరికితే ఎంత టైమ్ పడుతుంది? వివరంగా చూద్దాం.

సమస్య ఎక్కడ మొదలవుతుంది?

ఉద్యోగం చేసే మనిషికి కొత్త దేశంలో కూడా రోజుకో టైమ్‌టేబుల్ ఉంటుంది. ఆఫీసు, టీమ్, లంచ్ టేబుల్.. ఇష్టం ఉన్నా లేకున్నా రోజూ పదిమంది కనిపిస్తారు. జీవిత భాగస్వామి వెంట వెళ్లిన వారికి ఇవేవీ ఉండవు. ఇలాంటి వారిని ఇంగ్లీషులో 'ట్రెయిలింగ్ స్పౌస్' అంటారు. అంటే వెనకాల వచ్చిన భాగస్వామి అన్నమాట. 1981లో ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన కథనంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. ఆ మాటలోనే మనిషిని వెనక్కి నెట్టేసిన భావన ఉందని చాలామంది మహిళలు దాన్ని ఇష్టపడరు.

అమెరికాలో హెచ్-1బీ వీసాదారుల భార్యలకు లేదా భర్తలకు ఇచ్చేది హెచ్-4. చాలా ఏళ్లపాటు ఈ వీసాపై ఉన్నవారికి ఉద్యోగం చేసే వీలే లేదు. 2015 మే 26 నుంచి కొందరికి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. అదీ భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. మిగతా వారు బీటెక్ చదివినా, ఎంబీఏ చేసినా ఇంట్లో ఉండాల్సిందే.

బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉన్నవారి భాగస్వాములు, జర్మనీలో బ్లూ కార్డు ఉన్నవారి భాగస్వాములు ఉద్యోగం చేసుకోవచ్చు. అయినా అక్కడా ఒంటరితనం ఉంది. జర్మనీలో భాష అడ్డం. లండన్‌లో చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి. పిల్లలు చిన్నవాళ్లైతే ఉద్యోగం మాట ఆలోచించే తీరికే ఉండదు. అంటే సమస్య ఒక్క వర్క్ పర్మిట్‌ది కాదు.. రోజూ పలకరించే మనుషులు లేకపోవడం.

దీన్ని చిన్న విషయంగా తీసేయడానికి లేదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఒంటరితనం ఒక ప్రజారోగ్య సమస్య అని 2023లోనే అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి హెచ్చరిక జారీ చేశారు. మనుషులతో సంబంధాలు తెగిపోతే గుండె జబ్బులు, డిప్రెషన్ ముప్పు పెరుగుతుందని అందులో చెప్పారు.

ఈ క్లబ్బులు ఇప్పటివి కావు

లండన్‌లో అమెరికన్ మహిళల క్లబ్బు 1899 నాటిది. ఫోన్లు అంతగా లేని రోజులు అవి. సొంతూరి నుంచి ఉత్తరం రావాలంటే ఓడలో రావాలి. అందుకే ఒకరికొకరు తోడుగా ఉండేందుకు అక్కడి అమెరికన్ మహిళలు ఒక గూడు కట్టుకున్నారు. అదే క్లబ్బు అధ్యక్షురాలిగా పనిచేసిన కరోలిన్ కర్టిస్ బ్రౌన్ చొరవతో 1931లో వేర్వేరు దేశాల్లోని కొన్ని అమెరికన్ మహిళా క్లబ్బులు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. దాని పేరు ఫాకో. ఇప్పటికీ 20కి పైగా దేశాల్లో దీని సభ్య క్లబ్బులు ఉన్నాయి.

వీళ్లంతా టీ తాగడానికే కలిశారనుకుంటే పొరపాటు. 1907 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లి చేసుకున్న అమెరికన్ మహిళ పౌరసత్వం పోయేది. మగవాళ్లకు మాత్రం ఈ రూల్ లేదు! 1922లో ఆ చట్టాన్ని కొంతవరకు సరిచేసినా చిక్కులు మిగిలాయి. ఫాకో మొదట్లో తలకెత్తుకున్న పనుల్లో ఈ పౌరసత్వ హక్కు ఒకటి. కబుర్లు చెప్పుకోడానికి కలిసినవారికి తమందరి కష్టం ఒకటే అని తెలిసింది. అక్కడి నుంచి హక్కుల పని మొదలైంది.

మన భారతీయ మహిళలకూ ఇలాంటి చరిత్ర ఉంది. బహ్రెయిన్‌లో ఇండియన్ లేడీస్ అసోసియేషన్ 1956లోనే మొదలైంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం 'స్నేహ' పేరుతో ఒక కేంద్రాన్ని కూడా నడుపుతోంది. ఇక తెలుగువారి విషయానికొస్తే, న్యూయార్క్ ప్రాంతంలో టీఎల్‌సీఏ 1971లో పుట్టింది. 1977లో తానా తొలి మహాసభ జరిగింది. ఇవి ఆడా మగా అందరి సంఘాలు. వీటి నీడలోనే మహిళల గ్రూపులు పెరిగాయి.. బతుకమ్మకు పూలు తెచ్చే గ్రూపు, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టే గ్రూపు, బొమ్మల కొలువుకు ఇల్లిల్లూ తిరిగే గ్రూపు.

లోపల ఏం జరుగుతుంది?

బయటి నుంచి చూస్తే ఈ క్లబ్బులు పెద్ద మీటింగుల్లా కనిపిస్తాయి. నిజానికి అసలు పని చిన్న గ్రూపుల్లో జరుగుతుంది. ఒక సాధారణ అంతర్జాతీయ మహిళా క్లబ్బు తీసుకుంటే.. నెలకోసారి అందరూ కలిసే సమావేశం ఉంటుంది. కొత్తవారి కోసం విడిగా 'న్యూకమర్స్ కాఫీ' ఉంటుంది. వాటి కింద వాకింగ్ గ్రూపు, పుస్తకాల గ్రూపు, వంటల గ్రూపు, కుట్లు అల్లికల గ్రూపు, స్థానిక భాష మాట్లాడే గ్రూపు, చిన్నపిల్లల తల్లుల గ్రూపు.. ఇలా ఉంటాయి. చాలాచోట్ల ఏడాదికి కొంత సభ్యత్వ రుసుము కట్టాలి. కమిటీ సభ్యులు జీతం లేకుండా పనిచేస్తారు.

కమిటీలు తరచూ మారుతుంటాయి. భర్త ట్రాన్స్‌ఫర్ కావడమో, ప్రాజెక్టు అయిపోవడమో జరిగితే సభ్యురాలు ఊరు వదిలి వెళ్లిపోతుంది. అందుకే ఈ క్లబ్బులకు కొత్తవారు నిజంగానే కావాలి. మీరు వెళ్తే వాళ్లేదో మీకు ఉపకారం చేస్తున్నట్టు కాదు.. వాళ్లకూ మీ అవసరం ఉంది. ఈ ఒక్క విషయం తెలిస్తే గుమ్మం దగ్గర సగం బెరుకు పోతుంది.

50.. 90.. 200.. గంటల లెక్క

ఇక అసలు ప్రశ్న. పరిచయం స్నేహంగా మారడానికి ఎంత టైమ్ పడుతుంది? అమెరికాలోని కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ దీని మీదే పరిశోధన చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. గత ఆరు నెలల్లో కొత్త చోటుకు మారిన 355 మందిని ఆయన ప్రశ్నించారు. కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనూ గమనించారు.

తేలిందేంటంటే.. ముఖపరిచయం కాస్త మామూలు స్నేహంగా మారాలంటే దాదాపు 50 గంటలు కలిసి గడపాలి. 'నా ఫ్రెండ్' అని చెప్పుకోవాలంటే దాదాపు 90 గంటలు. దగ్గరి స్నేహితురాలు కావాలంటే 200 గంటలకు పైనే. ఇంకో విషయం.. పక్కపక్కన కూర్చుని పని చేసుకున్న గంటలకు అంత బలం లేదు. కలిసి తినడం, నవ్వుకోవడం, ఊరికే కబుర్లాడటం.. ఈ గంటలే ఎక్కువ పనిచేస్తాయి.

ఇప్పుడు దీన్ని క్లబ్బుకు వేసి చూడండి. నెలకోసారి రెండు గంటల కాఫీ మీటింగ్‌కు మాత్రమే వెళ్తే ఏడాదికి 24 గంటలు. అంటే ఒకే మనిషిని ప్రతిసారీ కలిసినా మామూలు స్నేహానికే రెండేళ్లు పడుతుంది. పైగా పెద్ద మీటింగులో ప్రతిసారీ వేరే టేబుల్, వేరే మనుషులు. అదే వారానికోసారి రెండు గంటల వాకింగ్ గ్రూపులో చేరితే? ఏడాదికి 100 గంటలు దాటుతుంది. అవే ముఖాలు, అదే పార్కు, నడిచాక అదే టీ. ఏడాది తిరిగేసరికి కనీసం ఒకరిద్దరు 'నా ఫ్రెండ్' అనేంత దగ్గరవుతారు.

ఒకసారి వెళ్లి మానేసినవాళ్లకు ఎందుకు ఎవరూ దొరకలేదో ఇప్పుడు అర్థమవుతుంది. తప్పు వాళ్లదీ కాదు, క్లబ్బుదీ కాదు. రెండు గంటలకు స్నేహం ఆశించారు, అంతే. స్కూల్లో మన ప్రాణ స్నేహితులు కూడా ఒక్కరోజులో కాలేదు. ఏళ్ల తరబడి ఒకే బెంచీ మీద కూర్చున్నాం కాబట్టి అయ్యారు. క్లబ్బు చేసేది కూడా అదే.. పెద్దయ్యాక మళ్లీ ఒక బెంచీ ఇస్తుంది.

తెలుగు గ్రూపా.. ఇంటర్నేషనల్ క్లబ్బా?

చాలామందికి వచ్చే డౌటు ఇది. రెండింటికీ వేర్వేరు లాభాలున్నాయి.

తెలుగు గ్రూపులో మాట తడుముకోవక్కర్లేదు. గోంగూర ఎక్కడ దొరుకుతుందో, ఏ డాక్టర్‌కు మన భాష వచ్చో, డ్రైవింగ్ టెస్టులో ఎక్కడ ఫెయిల్ చేస్తారో ఒక్క మెసేజ్‌తో తెలిసిపోతుంది. డెలివరీ టైమ్‌కి అమ్మకు వీసా రాకపోతే నాలుగిళ్ల నుంచి పత్యం భోజనం వస్తుంది. "అక్కా.. రేపు హాస్పిటల్‌కి తోడు వస్తారా?" అని అడగగల మనిషి ఉండటం చిన్న విషయం కాదు.

ఇంటర్నేషనల్ క్లబ్బులో వేరే లాభం. అక్కడ బ్రెజిల్ ఆవిడ, జపాన్ ఆవిడ, పోలెండ్ ఆవిడ అందరూ మీలాగే కొత్తవాళ్లు. అందరి ఇంగ్లీషూ కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. మీ భర్త ఏ కంపెనీ, మీది ఏ జిల్లా, ఇల్లు కొన్నారా లేదా అని ఎవరూ అడగరు. కేవలం మీ పేరుతో మీరు పరిచయమవుతారు.

కుదిరితే రెండింటిలోనూ ఉండటమే మంచిది. ఏ క్లబ్బూ దగ్గర్లో లేకపోతే? అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఇంగ్లీషు మాట్లాడే గ్రూపులు, పిల్లలకు కథలు చెప్పే స్టోరీ టైమ్‌లు ఉచితంగా నడుస్తాయి. 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన 'మనబడి' తరగతులను కూడా స్వచ్ఛందంగా పనిచేసే వారే నడుపుతారు. పేరు క్లబ్బు కాకపోయినా పనిచేసే సూత్రం ఒకటే.. ప్రతి వారం, అదే టైమ్, అవే ముఖాలు.

మొదటిసారి వెళ్తుంటే ఇవి గుర్తుపెట్టుకోండి

మొదటిది.. మూడుసార్లు వెళ్లాకే నిర్ణయం తీసుకోండి. మొదటిసారి అందరూ కొత్త. రెండోసారి ఒకరిద్దరు గుర్తుపడతారు. మూడోసారి మీ పేరు పెట్టి పిలుస్తారు.

రెండోది.. పెద్ద మీటింగ్‌తో ఆగొద్దు. అక్కడే ఏదో ఒక చిన్న గ్రూపులో పేరు ఇచ్చి రండి. మీకు బాగా వచ్చిన పని ఉన్న గ్రూపైతే ఇంకా మంచిది. వంట బాగా వస్తే వంటల గ్రూపు, కుట్టడం వస్తే కుట్ల గ్రూపు. చేతిలో పని ఉంటే నోరు దానంతటదే కలుస్తుంది.

మూడోది.. చిన్న బాధ్యత ఒకటి తీసుకోండి. కుర్చీలు సర్దడం, ఫొటోలు తీయడం, వచ్చినవారి పేర్లు రాసుకోవడం.. ఏదైనా సరే. పనిలేని అతిథికి మూల నిలబడటమే మిగులుతుంది. పని ఉన్న మనిషిని పదిమంది వచ్చి పలకరిస్తారు.

నాలుగోది.. క్లబ్బు బయట కలవండి. స్నేహం ముదిరేది మీటింగ్ అయ్యాకే. "రేపు ఇండియన్ స్టోర్‌కి వెళ్తున్నా, వస్తారా?" అన్న ఒక్క మాట చాలు. అవతలి వాళ్లు కూడా ఎవరైనా అడిగితే బాగుండని చూస్తుండొచ్చు.

ఐదోది.. రాకపోకల సంగతి ముందే చూసుకోండి. కారు లేక మానేసేవాళ్లే ఎక్కువ. మీటింగ్ దగ్గర అడిగితే అదే దారిలో వెళ్లేవారు ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు. ఆ అరగంట కారు ప్రయాణం కూడా స్నేహం లెక్కలోకే వస్తుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

అన్ని గ్రూపులూ మంచివే అని కాదు. కొత్తగా వచ్చిన వారితో ఎంతో ప్రేమగా మాట్లాడి, రెండు వారాల తర్వాత "ఒక మంచి బిజినెస్ ఆపర్చునిటీ ఉంది" అంటూ చైన్ స్కీముల్లో చేర్పించేవాళ్లుంటారు. స్నేహం పేరుతో డబ్బు అడిగితే అక్కడే ఆగండి. తెలియని వారి చిట్టీల్లో అసలు చేరొద్దు. పాస్‌పోర్టు, వీసా కాపీలు, బ్యాంకు వివరాలు ఎవరికీ ఇవ్వొద్దు.

కొన్ని గ్రూపులు ఊరి పేరుతోనో, కులం పేరుతోనో ముక్కలవుతాయి. కొన్నిచోట్ల ఒకరి ఇంటి సంగతి మరుసటి రోజుకి ఊరంతా తెలుస్తుంది. మొదట్లో వినండి ఎక్కువ, చెప్పండి తక్కువ. మనసుకు నచ్చకపోతే గ్రూపు మారండి.. మనుషుల్ని కలవడం మాత్రం మానొద్దు.

హెచ్-4 మీద ఉన్నవారు వాలంటీర్ పని చేసేముందు ఒక విషయం చూసుకోవాలి. సేవా సంస్థలో ఎలాంటి ప్రతిఫలం లేకుండా చేసే పని వేరు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేయడం వేరు. రెండోది వీసా చిక్కులు తెచ్చే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే లాయర్‌ని అడిగాకే ముందుకెళ్లండి.

ఇంట్లోనే కష్టం ఉంటే..

ఒంటరితనం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇంట్లో భర్త చేయి చేసుకుంటుంటే, ఫోన్ లాక్కుంటుంటే, పాస్‌పోర్టు దాచేస్తుంటే.. ఎవరికి చెప్పాలి? వేధించే మనిషి ముందుగా చేసే పని భార్యను నలుగురికి దూరం చేయడమే. అందుకే "క్లబ్బులూ గిబ్బులూ వద్దు" అనే మాట కొన్ని ఇళ్లలో ఇంకేదో చెబుతుంది. ప్రతి వారం వచ్చే మనిషి రెండు వారాలు కనిపించకపోతే "ఏమైంది?" అని అడిగే నలుగురు ఉండటమే ఒక రక్షణ.

అమెరికాలో దక్షిణాసియా మహిళల కోసం పనిచేసే సంస్థలు ఇలాంటి అవసరం నుంచే పుట్టాయి. న్యూజెర్సీలో మానవి 1985లో, న్యూయార్క్‌లో సఖి 1989లో, కాలిఫోర్నియాలో మైత్రి 1991లో మొదలయ్యాయి. హెచ్-4 లాంటి డిపెండెంట్ వీసాపై ఉండి గృహహింసకు గురైన వారు సొంతంగా వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకునే వీలు కూడా అక్కడి చట్టంలో ఉంది. ఇండియన్ ఎంబసీల దగ్గర 2009 నుంచి కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. కష్టంలో ఉన్న భారతీయులకు దీని నుంచి సాయం చేస్తారు. వెంటనే ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం ముందుగా అక్కడి పోలీసు ఎమర్జెన్సీకే ఫోన్ చేయాలి.

క్లబ్బు గుమ్మం దాటలేని వారి సంగతేంటి?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. క్లబ్బులంటే ఎక్కువగా ఉద్యోగుల కుటుంబాలకే. కడప, రాయచోటి, కోనసీమ నుంచి కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లూ ప్రవాస మహిళలే. వాళ్లకు సభ్యత్వ రుసుము కట్టే స్తోమత ఉండదు, కాఫీ మీటింగ్‌కు టైమ్ అసలే ఉండదు.

కువైట్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ఇంటిపని చేసేవారికి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. ఆ సెలవు నిజంగా దొరికిన వారికి శుక్రవారమే క్లబ్బు. చర్చిలో తెలుగు ప్రార్థన, ఆ తర్వాత ఊరివాళ్లతో అరగంట మాటలు, ఇంటికి డబ్బు పంపే క్యూలో పరిచయాలు. అందుకే మీ అమ్మ, అక్క, పిన్ని గల్ఫ్‌లో ఉంటే ఫోన్‌లో "డబ్బు పంపావా?" అని మాత్రమే కాదు.. "ఈ శుక్రవారం బయటికి వెళ్లావా? ఎవరితో మాట్లాడావు?" అని కూడా అడగండి. ఆ జవాబులోనే ఆమె ఎలా ఉందో తెలిసిపోతుంది.

చివరిగా ఒక మాట

ఈ క్లబ్బుల్లో ఒక బాధ తప్పదు. ఏడాదిన్నర కష్టపడి స్నేహితురాలు దొరికాక, వాళ్లాయనకు వేరే రాష్ట్రంలో జాబ్ వస్తుంది. వీడ్కోలు పార్టీ, ఒక ఫొటో, ఎయిర్‌పోర్టు. మళ్లీ మొదటికొచ్చినట్టు అనిపిస్తుంది. కానీ నిజంగా మొదటికి రాలేదు. ఈసారి మీకు ఊరు తెలుసు, దారి తెలుసు, గంటల లెక్క కూడా తెలుసు.

వచ్చే నెల మీటింగ్‌లో గుమ్మం దగ్గర ఒక కొత్తమ్మాయి, ఎవరితో మాట్లాడాలో తెలియక ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంటుంది. ఆమెకు కావాల్సింది పెద్ద సాయమేమీ కాదు. "కొత్తగా వచ్చారా అండీ? రండి, ఇక్కడ కూర్చుందాం" అని మీరు పిలిస్తే చాలు.